కనబడని కోతకు ప్రమాణమేది?

నేల కోత ముప్పును చూపే పటంలో ఎరుపు, నారింజ, పసుపు, ఆకుపచ్చ రంగులుంటాయి. ఎర్రగా ఉన్నచోట హెక్టారుకు ఏటా 40 టన్నులకు పైగా మట్టి కొట్టుకుపోతుందని, ఆకుపచ్చగా ఉన్నచోట 5 టన్నులకు మించదని పక్కనున్న సూచిక చెబుతుంది. ఆ మట్టి పోతుండగా ఎవరూ చూడలేదు, పోయాక ఎవరూ తూచలేదు. ఉపగ్రహం కూడా చూడలేదు. అయినా ఆ రంగులను బట్టే చెక్‌డ్యాములు ఎక్కడ కట్టాలో, ఏ వాటర్‌షెడ్‌కు ముందు నిధులివ్వాలో నిర్ణయాలు జరిగిపోతుంటాయి. ఆ పటం ఇచ్చేది జ్ఞానమేనా, అయితే ఏ రకం జ్ఞానం, దాన్ని ఎంతవరకు నమ్మి పనిలోకి దిగవచ్చు అన్న ప్రశ్నలు నేలశాస్త్రం ఒక్కటే తేల్చేవి కావు. ఇవి ప్రమాణ విచారణలోకి, అంటే ఏ దారిలో వచ్చిన జ్ఞానం నమ్మదగిందో తేల్చే విచారణలోకి వస్తాయి. భారతీయ తర్కం ఈ విచారణను చాలా దూరం తీసుకువెళ్లింది, అదీ ఉప్పొంగిన నదినే ఉదాహరణగా పెట్టుకుని.

పటానికి అడుగున ఉండేది ఒక గుణకారం. అమెరికాలో వాల్టర్ విష్‌మయర్, డ్వైట్ స్మిత్ 1965లో ప్రచురించి 1978లో సవరించిన సార్వత్రిక నేల నష్ట సమీకరణం దీనికి మూలం. నేలను కోసే శక్తి వానకు ఎంత, కోతకు లొంగే గుణం మట్టికి ఎంత, వాలు ఎంత పొడవు, ఎంత నిటారు, పైరు కప్పు ఎంత, గట్లలాంటి రక్షణ ఎంత అన్నవాటికి ఒక్కోదానికి ఒక్కో అంకె ఇచ్చి, అన్నిటినీ హెచ్చిస్తే ఏడాదిలో పోయే మట్టి తేలుతుంది. 22.13 మీటర్ల పొడవు, 9 శాతం వాలు ఉన్న మడిని కొలబద్దగా పెట్టుకున్నారు. ఒక మడిలో ఒక ఏడాది కొలతను ఒకటిగా లెక్కిస్తే పదివేలకు పైగా కొలతలు ఆ సమీకరణం వెనక ఉన్నాయి. చేనుగట్టున నిలబడి రైతుకు సలహా ఇవ్వడానికి పుట్టిన ఈ లెక్కను జిల్లాలకు, నదీ పరీవాహకాలకు పరిచే వీలు ఉపగ్రహాలతో వచ్చింది. పైరు కప్పు 1972లో ఎగిరిన ల్యాండ్‌శాట్ నుంచి, 1988 తర్వాత భారత ఐఆర్‌ఎస్ ఉపగ్రహాల నుంచి వచ్చింది. వాలు 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ షటిల్ రాడార్‌తో తీసిన ఎత్తుల నుంచి, తర్వాత 2005 నాటి కార్టోశాట్‌-1 జంట చిత్రాల నుంచి వచ్చింది. మట్టి వివరాలను నాగపూర్‌లోని జాతీయ నేల సర్వే సంస్థ పటాలిచ్చాయి. వీటిని జిఐఎస్‌లో పొరలుగా పేర్చి గడి గడికీ హెచ్చిస్తారు. హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం దేశమంతటికీ 1:50,000 స్కేలులో నేల క్షీణత పటాలు తీయడం, అహ్మదాబాద్‌లోని అంతరిక్ష అనువర్తనాల కేంద్రం 2018-19 నాటికి 9.78 కోట్ల హెక్టార్లు, అంటే దేశ విస్తీర్ణంలో 29.77 శాతం, క్షీణించిందని లెక్కకట్టడం ఈ వరసలోవే. ఆ క్షీణతలో పెద్ద వాటా నీటి కోతది.

ఉపగ్రహం చూసిందనడం వాడుకమాట. అది నేల నుంచి తిరిగివచ్చే వెలుతురును కొలుస్తుంది. పచ్చని ఆకు ఎర్రని కాంతిని మింగుతుంది, కంటికి కనబడని పరారుణ కాంతిని తిప్పికొడుతుంది. ఈ రెండింటి తేడా నుంచి పచ్చదనపు సూచిక పుడుతుంది. భారతీయ తర్కమైన న్యాయశాస్త్రంలో ఇందుకు దగ్గరి చర్చ ఒకటి ఉంది. దూరాన ఉన్న గంధపు చెక్కను చూసి ‘పరిమళించే చందనం’ అనుకుంటే, అందులో పరిమళం కంటికి అందిందా? నవ్య నైయాయికులు దాన్నీ ఒక అసాధారణ ప్రత్యక్షంగా లెక్కించారు. వెనకటి జ్ఞానమే ఇంద్రియానికీ వస్తువుకూ మధ్య వంతెన అయిందన్నారు. 17వ శతాబ్దపు ధర్మరాజాధ్వరీంద్రుడు వేదాంత పరిభాషలో దీన్ని ఒప్పుకోలేదు. చెక్క వరకే ప్రత్యక్షం, పరిమళం మాత్రం పరోక్షం అన్నాడు. పటం విషయంలో వేదాంతి మాటే సరైనదనిపిస్తుంది. తెరమీది గడిలో ప్రత్యక్షమైంది కాంతి తీవ్రత. ‘క్షీణించిన నేల’ అన్నది విశ్లేషకుడు తన పాత చదువు నుంచి చేర్చిన పరిమళం. కోసిన వేరుశనగ చేను, దున్ని వదిలిన చెలక, గులకరాళ్లు తేలిన బీడు ఆ వెలుతురులో ఒకదాన్నొకటి పోలి ఉండటం మామూలే.

దీనికి తోడు మరో చిక్కు. మన ప్రాంతాల్లో కోత జరిగేది వానాకాలంలో. విత్తనం పడి మొలక ఇంకా నేలను కప్పని ఆ కొద్ది వారాల్లో రెండు మూడు గట్టి వానలు పడితే ఏడాది నష్టంలో చాలాభాగం అప్పుడే అయిపోతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఆకాశం మబ్బుపట్టి ఉంటుంది. మబ్బులు విడిచాక అక్టోబరులో దొరికే నిర్మల చిత్రంలో చేను పచ్చగా, నేలను బాగా కప్పి కనబడుతుంది. సెంటినెల్‌-1 లాంటి రాడార్ ఉపగ్రహాలు మబ్బుల గుండా చూడగలవు. అవి చూసేది తడినీ గరుకుతనాన్నీ. పోయిన మట్టిని అవీ చూడవు.

కాబట్టి పటం నిలబడేది ప్రత్యక్షం మీద కాదు, అనుమాన ప్రమాణం మీద, అంటే గుర్తును బట్టి కనబడనిదాన్ని తెలుసుకోవడం మీద. న్యాయసూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు అనుమానాన్ని మూడు రకాలుగా వివరిస్తూ చెప్పిన మొదటి రెండు ఉదాహరణలు వానకు సంబంధించినవి. మబ్బు కమ్మడం చూసి వాన పడుతుందనుకోవడం కారణం నుంచి కార్యానికి పోవడం. నది నిండి వేగంగా పారడం చూసి ఎగువన వాన పడిందనుకోవడం కార్యం నుంచి కారణానికి పోవడం. నేల కోతను అంచనా కట్టే పద్ధతులూ ఈ రెండు దారుల్లోనే ఉన్నాయి. వాన, వాలు, బోడినేల ఉన్నాయి కాబట్టి కోత ఉంటుందని పటం చెబుతుంది. జలాశయంలో పూడిక ఉంది కాబట్టి ఎగువన కోత జరిగిందని పూడిక సర్వే చెబుతుంది.

రెండో దారి చూడ్డానికి గట్టిగా కనిపిస్తుంది. తుంగభద్ర జలాశయం 1953లో 133 టీఎంసీల సామర్థ్యంతో మొదలై ఇప్పుడు 105 టీఎంసీల చుట్టూ ఉంది. శ్రీశైలం 308 టీఎంసీల నుంచి 215కు వచ్చింది. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలనిపిస్తుంది. న్యాయసూత్రాల రెండో అధ్యాయంలో పూర్వపక్షి లేవనెత్తిన అభ్యంతరం సరిగ్గా ఇక్కడ పనికివస్తుంది. నది నిండటం వాన వల్లే కానక్కర్లేదు, దిగువన అడ్డుకట్ట పడినా నిండుతుంది. చీమలు గుడ్లు మోసుకుపోతే వాన వస్తుందనుకుంటారు, ఎవరో పుట్ట తవ్వినా అవి మోసుకుపోతాయి. నెమలి కూత విన్నామనుకుంటే అది నెమలిని అనుకరించిన మనిషిది కావచ్చు. గుర్తు దారి తప్పుతోంది కాబట్టి అనుమానం ప్రమాణం కాదన్నది అతని వాదం.

ఆ అడ్డుకట్ట అభ్యంతరం కృష్ణానదిలో అక్షరాలా నిజమైంది. 1960ల చివర కృష్ణ ఏటా దాదాపు 90 లక్షల టన్నుల ఒండ్రును డెల్టాకు తెచ్చేది. 2000 తర్వాత అది 4 లక్షల టన్నులకు పడిపోయింది. డెల్టా దగ్గర నీళ్లను చూసి లెక్కకట్టేవారెవరైనా ఎగువ పొలాల్లో కోత ఆగిపోయిందనే అనుకోవాలి. ఆగింది ఒండ్రు ప్రయాణం. అది ఆనకట్టల వెనక కూర్చుంది. డెల్టా అంచు సముద్రపు కోతకు గురవడానికి ఈ ఒండ్రు కొరత ఒక కారణం. అంటే ఎగువన మట్టి ఎక్కువ పోవడమూ దిగువన మట్టి చాలకపోవడమూ ఒకే నదిలో ఒకే కాలంలో సాగుతున్నాయి. జలాశయపు పూడికను చూసి చేల నష్టాన్ని లెక్కగట్టడంలోనూ ఇదే ప్రమాదం. భారతదేశంలో ఏటా 533 కోట్ల టన్నుల మట్టి కదులుతోందని 1983లో ధ్రువనారాయణ, రాంబాబు వేసిన అంచనా ఇప్పటికీ తరచు వినబడుతుంది. అందులో సముద్రానికి చేరేది 29 శాతం, జలాశయాల్లో పేరుకునేది 10 శాతమే. మిగిలిన 61 శాతం ఒకచోట లేచి మరోచోట, వాలు కిందనో వాగు ఒడ్డునో, ఆగిపోతుంది. ఒక రైతు చేను కోల్పోయిన మట్టిలో చాలాభాగం కింది రైతు చేలో ఉందన్నమాట. జలాశయానికి ఆ సంగతి తెలిసే దారి లేదు.

పూర్వపక్షికి సూత్రకారుడిచ్చిన జవాబు చిన్నది, పదునైనది. దారి తప్పింది అనుమానం కాదు, గుర్తును సరిగా గుర్తించనివాడు. అడ్డుకట్ట వల్ల నిండిన నది, వాన వల్ల నిండిన నది ఒకటి కావు. వాన వల్ల నిండినదానిలో వేగం, నురుగు, కొట్టుకొచ్చే ఆకులు, పళ్లు, కట్టెలు ఉంటాయని వాత్స్యాయనుడు వివరం చేర్చాడు. ఇప్పటి పరిశోధకులు ఒండ్రులో సీసియం-137 కోసం వెతకడం ఈ దారిలోదే. 1950లు, 60లలో గాలిలో జరిగిన అణుపరీక్షల నుంచి రాలిన ఈ మూలకం పైమట్టికి అంటుకుని ఉంటుంది. దుక్కి లోతు కిందికి పెద్దగా దిగదు. ఒండ్రులో అది ఎక్కువగా ఉంటే మట్టి చేల పైపొర నుంచి వచ్చిందని, లేకపోతే వంకల ఒడ్లు విరిగి వచ్చిందని చెప్పవచ్చు. గట్టి అనుమానానికి కావలసింది మరిన్ని గుర్తులు కాదు, వేరుచేసే గుర్తులు.

మొదటి దారి, అంటే పటం నడిచే దారి, ఇంకా జాగ్రత్త కోరుతుంది. 17వ శతాబ్దపు అన్నంభట్టు తెలుగువాడని ప్రసిద్ధి. ఆయన తర్కసంగ్రహం ఇప్పటికీ తర్కం మొదలుపెట్టేవారి చేతికిచ్చే పుస్తకం. అందులో ఉపాధి అనే దోషం ఉంది. పొగ ఉన్నచోట నిప్పు ఉంటుందన్నది సరే. నిప్పు ఉన్నచోట పొగ ఉంటుందంటే కుదరదు, పచ్చికట్టెలు ఉంటేనే అది నిజం. ఆ పచ్చికట్టె చెప్పకుండా దాగిన షరతు. కోత సమీకరణంలో ఇలాంటి పచ్చికట్టెలు చాలా ఉన్నాయి. వాన శక్తిని అసలు సమీకరణం అరగంటలో కురిసిన అత్యధిక తీవ్రతతో కొలవమంటుంది. అలాంటి నమోదులు లేనిచోట భారతదేశంలో విరివిగా వాడే అడ్డదారి, వార్షిక వర్షపాతాన్ని 0.363తో హెచ్చించి 79 కలపడం. అనంతపురంలో ఏటా దాదాపు 550 మిల్లీమీటర్లు కురుస్తుంది కాబట్టి జవాబు 279 దగ్గర వస్తుంది. ఆ 550 మిల్లీమీటర్లు ముసురుగా నలభై రోజులు పడినా, నాలుగు కుండపోతలుగా పడినా జవాబు అదే. నేలకు మాత్రం ఆ రెండూ ఒకటి కావు. వానల తీరు మారనంతవరకే ఆ సూత్రం నిజం, వానల తీరేమో మారుతోంది.

సమీకరణం చాళ్ల కోతనూ పొర కోతనూ లెక్కిస్తుంది. వంకలు గండ్లుగా విస్తరించడం దాని పరిధిలో లేదు, కొట్టుకుపోయిన మట్టి ఎక్కడ ఆగుతుందో కూడా లేదు. గాలి కోత అసలే లేదు. అనంతపురం జిల్లా బొమ్మనహాళ్, కణేకల్లు వైపు హగరి నది ఇసుకను గాలి చేలమీదికి మేటలుగా తెచ్చిపోస్తుంటే, వాలు తక్కువ కాబట్టి నీటి కోత పటం ఆ చోటును నిశ్చింతగా ఆకుపచ్చలో వేయగలదు. ఇక రక్షణ పనుల అంకె. గట్టు ఎంత ఎత్తుందో, ఎక్కడ తెగిందో, వాలుకు అడ్డంగా దున్నారో నిలువుగా దున్నారో ఉపగ్రహానికి అందదు కాబట్టి చాలా పటాల్లో దాన్ని ఒకటిగా వదిలేస్తారు. అంటే రక్షణ ఏమీ లేనట్టే లెక్క. తరాలుగా గట్లు వేసుకుంటూ, రాతికట్లు పేర్చుకుంటూ వచ్చిన కష్టాన్ని సున్నా చేసిన పటానికి శాస్త్రీయమని పేరు పెట్టడం కొంచెం తొందరపాటే.

ఇన్ని షరతులు దాగి ఉన్నాక ఏ అనుమానాన్నయినా ఎలా నమ్మడం అన్నది చార్వాకుల ప్రశ్న. 14వ శతాబ్దపు సర్వదర్శనసంగ్రహం ఆ వాదాన్ని నిజాయితీగా నమోదు చేసింది. ఎన్నిసార్లు కలిసి కనబడినా రేపు, మరోచోట, తెలియని ఉపాధి లేదని ఎవరు చెప్పగలరు? నైయాయికుల్లో ఉదయనుడు దీనికి తెలివైన జవాబిచ్చాడు. రేపటి గురించి, మరోచోటు గురించి సందేహించడానికే అనుమానం కావాలి, అవి ప్రత్యక్షం కావు కదా. పైగా సందేహానికి ఒక హద్దుంది, సందేహించేవాడి నడవడికే అది అడ్డుతగిలేచోట ఆగాలి. పొగ కోసం నిప్పు రాజేసేవాడు నిప్పుకూ పొగకూ సంబంధం లేదని వాదించలేడు. ముప్పు అంచనాకు ఈ జవాబు బాగా అతుకుతుంది. వాలు మీది బోడినేల మీద గట్టి వాన పడితే మట్టి పోతుందన్న సంగతిని ఏ రైతూ సందేహించడు. సందేహించాల్సింది 23.7 టన్నులు అని దశాంశంతో సహా చెప్పే ధైర్యాన్ని. పటం వరస చెప్పడంలో నమ్మదగింది, ఫలానా చోటు ఫలానా చోటు కంటే ముప్పులో ఉందనడం వరకు. తూకం చెప్పడంలో అంత కాదు.

కోత అసలు ఒక లోటు. ఉండాల్సిన మట్టి లేకపోవడం. లేమిని తెలుసుకోవడానికి భాట్ట మీమాంసకులు, అద్వైతులు అనుపలబ్ధి అనే వేరే ప్రమాణాన్ని ఒప్పుకున్నారు, ఒక షరతు మీద. వస్తువు ఉండి ఉంటే కనబడి తీరాలి. చీకట్లో కుండ కనబడనంత మాత్రాన కుండ లేదనకూడదు. హెక్టారు మేర ఒక మిల్లీమీటరు మట్టి లేస్తే దాదాపు 13 టన్నులు. అది అమెరికాలో అనుమతించే గరిష్ఠ నష్టాన్ని దాటేస్తుంది. షటిల్ రాడార్ ఎత్తుల్లో పొరపాటు మీటర్లలో ఉంటుంది. రెండు కాలాల ఎత్తులను తీసివేసి, తేడా కనబడలేదు కాబట్టి కోత లేదనడం చీకట్లో కుండను వెతకడమే. చంబల్ లోయలో పదుల మీటర్ల గండ్లు ఉపగ్రహానికి చక్కగా కనబడతాయి. పైపొర చడీచప్పుడు లేకుండా పోయే తెలంగాణ చెలకల్లో, రాయలసీమ ఎర్రనేలల్లో అది గుడ్డిది. వినాశం పూర్తయ్యాక కనబడేదీ మొదలవుతుండగా కనబడనిదీ ఒకే నష్టం.

పటం పుట్టగానే ప్రమాణమా, పరీక్షకు నిలిచాక ప్రమాణమా? ఇక్కడ మీమాంసకులు, నైయాయికులు రెండుగా చీలతారు. జ్ఞానం తనంతట తానే ప్రమాణం, బాధకం, అంటే దాన్ని కాదనే జ్ఞానం, వచ్చేవరకు నమ్మాలని మీమాంసకుడైన కుమారిలుడి పక్షం. సఫలమైన ప్రవృత్తి వల్లే, అంటే నీళ్లనుకుని వెళ్లి దాహం తీరితేనే ప్రామాణ్యం తేలుతుందని నైయాయికుల పక్షం. వేదం విషయంలో మీమాంసకుడి మాటకు అతని కారణాలున్నాయి. ప్రభుత్వ కార్యాలయపు పటం విషయంలో ఆ పక్షం చాలా మందిని బద్ధకస్తులను చేస్తుంది. కొలత మడిలో కొట్టుకొచ్చిన మట్టిని పట్టి తూచడం, వాగు మూతి దగ్గర ఒండ్రు కొలవడం, ఎరుపు గడుల్లో కొన్నింటికి నడిచివెళ్లి చెట్ల వేళ్లు ఎంత బయటపడ్డాయో చూడటం ఖర్చుతో కూడిన పనులు. అందుకే ఒక మోడల్ ఫలితాన్ని మరో మోడల్ ఫలితంతో పోల్చి సరిపోయిందనడం అలవాటైంది. ఒకే ఉపాధి రెండింటిలోనూ ఉంటే ఆ సరిపోవడానికి విలువ లేదు.

నడిచివెళితే దొరికేది మరో ప్రమాణం, ఆప్తవాక్యం. ఆప్తుడంటే వస్తువును ఎదురుగా తెలుసుకుని, తెలిసింది తెలిసినట్టు చెప్పాలనుకునేవాడు. ఈ లక్షణం ఋషికీ ఆర్యుడికీ మ్లేచ్ఛుడికీ సమానమని వాత్స్యాయనుడు స్పష్టంగా రాశాడు. ఆ కొలత ప్రకారం తన చేలో నాగలికి ఎప్పటినుంచి రాయి తగులుతోందో, ఏ వానకు ఏ గట్టు తెగిందో చెప్పే రైతు ఆ విషయంలో ఆప్తుడే. పటం గడి 30 మీటర్ల చదరమైతే అది 900 చదరపు మీటర్లు, దాదాపు 22 సెంట్లు. అందులో గట్టు, బాట, చేను, వంక అంచు అన్నీ కలిసి ఒక్క అంకె అవుతాయి. నిజమైనవి విడివిడి వస్తువులే, సామాన్యం బుద్ధి అల్లుకున్నదన్న బౌద్ధ తార్కికుడు దిఙ్నాగుడికి ఈ గడి మంచి ఉదాహరణ అయ్యేది. మండల సగటు, జిల్లా సగటు అంతకంటే పెద్ద అల్లిక. అల్లికైనంత మాత్రాన పనికిరానిది కాదు, నిధులు పంచాలంటే సగటు కావాలి. ఫలానా సర్వే నంబరులో గట్టు ఎక్కడ వేయాలో మాత్రం సగటు చెప్పలేదు. ఆ ఒక్కచోట రైతు మాటకూ పటానికీ తేడా వస్తే రైతు వైపు మొగ్గడమే తర్కానికి దగ్గర.

చివరి ప్రశ్న పటంలో లేదు, సమీకరణంలోనూ లేదు. ఎంత నష్టాన్ని సహించవచ్చు? ఉన్నదాన్ని చెప్పే వాక్యం వేరు, చేయాల్సిందాన్ని విధించే వాక్యం వేరని మీమాంసకులు గట్టిగా పట్టుబట్టారు. ఎన్ని టన్నులు పోతున్నాయో చెప్పే పటం మొదటి కోవలోది. ఎర్రరంగు దానికి తెలియకుండానే రెండో కోవలోకి జారుతుంది, ఎందుకంటే ఎరుపు ఎక్కడ మొదలవ్వాలో ఎవరో తీర్పు చెప్పి ఉండాలి. అమెరికాలో ఆ హద్దు ఎకరాకు ఏటా 5 టన్నులు, అంటే హెక్టారుకు 11.2 టన్నుల వరకు ఉంది. లోతైన నేలలో ఈ తరం పంటకు లోటు రాకుండా ఉండే మట్టం అది. మట్టి కొత్తగా పుట్టే వేగం అంతకంటే చాలా తక్కువ కాబట్టి ఆ హద్దులో ఉన్న చేను కూడా కరిగిపోతూనే ఉంటుంది. ఎవరి అవసరాన్ని లెక్కలోకి తీసుకున్నారు, ఇంకా పుట్టనివారికి అందులో భాగముందా అన్నది ఏ ఉపగ్రహమూ చెప్పని ధర్మనిర్ణయం. భారతీయ శాస్త్రవేత్తలు ఒకే హద్దును దేశమంతటికీ పెట్టకుండా, నేల లోతు, గుణం బట్టి హెక్టారుకు 2.5 నుంచి 12.5 టన్నుల వరకు వేర్వేరుగా సూచించారు. పటంలో 10 టన్నులు చూపి ఒకే పసుపు రంగు వేసిన రెండు చేలలో, లోతైన నల్లరేగడి చేను ఆ లెక్కన హద్దు లోపలే ఉండవచ్చు, జానెడు లోతున రాయి తగిలే ఎర్రచేను హద్దుకు నాలుగింతల్లో ఉండవచ్చు.